ఐసులో పిడికెడు ఉప్పు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఏ పెళ్లిలోనో, బస్టాండులోనో కలిస్తే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, అన్నల కాలంలో ఊర్లు పట్టుకొని తిరిగిండ్రు గదా, భయం కాలేదా?"

అయింది. ఎందుకు కాదు? ఊర్లోకి పోతుంటే పోలీసులు ఆపి లోపల ఎవరున్నారని అడిగేవాళ్లు. ఊర్లోంచి వస్తుంటే అన్నల సంఘం వాళ్లు ఆపి బయట ఎవరున్నారని అడిగేవాళ్లు. ఇద్దరికీ నా దగ్గర ఒకటే సమాధానం ఉండేది: పిల్లలకు సూదులు వెయ్యడానికి వచ్చాను. అది నిజం కాబట్టి ఇద్దరూ నమ్మేవాళ్లు కాదు. అయితే ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో నన్ను బాగా వణికించింది వీళ్లెవరూ కాదు, ఒక పిడికెడు ఉప్పు. ఇప్పుడు మీ చేతుల్లో మంచి ఫ్రిజ్‌లున్నాయి, వాడి పారేసే సిరంజీలున్నాయి. మందు వేడికి పాడైతే సీసా మీది గుర్తే రంగు మారి చెబుతుంది. అవేవీ లేని రోజుల్లో నేను చేసిన ఘనకార్యం మీకు చెప్పాలనిపించింది.

జగిత్యాలకు కొంత దూరంలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ అసిస్టెంట్‌ని. కాపురం కోరుట్లలో. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ ఉద్యోగానికి అంత చదువు అక్కర్లేదు. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

నా పరిధిలో వాగు అవతల ఒక బీడీల ఊరు ఉండేది. ఇంటింటా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఉండేవాళ్లు. రెండేళ్లపాటు ఆ ఊరి నుంచి ఒక్క పసిబిడ్డ కూడా టీకాకు రాలేదు. సర్కారు సూది వేస్తే పిల్లకు జరం వస్తుందని వాళ్ల అభ్యంతరం. జ్వరం రావడం నిజమే. ఒకట్రెండు రోజులుండి పోతుందని, అది శరీరం మందును గుర్తుపట్టి పనిలోకి దిగిన లక్షణమని నేను చెప్పేవాణ్ణి. నేను మాట్లాడుతున్నంతసేపూ వాళ్ల చేతులు మాత్రం ఆగేవి కావు. నా ఒక్కో ఉపన్యాసానికి కనీసం వంద బీడీలైనా తయారయ్యేవి.

చివరికి ఆ ఊరు కదిలింది నా మాటలతో కాదు, ఒక ముసలామెతో. అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు. అంతకుముందు వానాకాలంలో కోరింత దగ్గు వచ్చి ఆమె మనుమడు పోయాడు. ఆర్నెల్ల పిల్లవాడు దగ్గి దగ్గి ఊపిరి అందక నీలంగా మారుతుంటే ఆమె చేతుల్లోనే ఉన్నాడట. ఇప్పుడు కోడలికి ఆడపిల్ల పుట్టింది. నెలన్నర నిండగానే అవ్వ మనుమరాలిని ఎత్తుకొని వచ్చి నా ముందు కూర్చుంది. "గా దగ్గు రాకుంట ఆపుతదా నీ సూది?" అని అడిగింది. ఆపుతుందన్నాను, మూడు సూదులూ నెల నెలకూ తప్పకుండా పడాలన్నాను. ఆమె లేచి ఇల్లిల్లూ తిరిగింది. ఆ రోజు ముప్పై ఒక్క మంది పిల్లలు వచ్చారు. నేను రెండేళ్లలో చేయలేనిది ఆమె అరగంటలో చేసింది.

నేను ఉప్పు వేసింది ఆ రోజే.

ఎండాకాలం. మూడు రోజులుగా కరెంటు వచ్చీపోతూ ఉంది. మందు డబ్బాలో పెట్టే ఐసు ప్యాకులు గడ్డకట్టలేదు. వేడికి మందు చచ్చిపోతుందని మాకు శిక్షణలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పారు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకేదో కూడా చెప్పారు. అప్పుడు నేను కునుకు తీస్తున్నాను. పొద్దున్నే కోరుట్ల బస్టాండు దగ్గర కుల్ఫీ అమ్మే మనిషి దగ్గర ఐసు గడ్డ తీసుకున్నాను. అతను ఐసు పగలగొట్టి అందులో గుప్పెడు ఉప్పు చల్లుతున్నాడు. నాకు ఒక్కసారిగా డిగ్రీ మొత్తం గుర్తొచ్చింది. ఐసులో ఉప్పు కలిస్తే చల్లదనం సున్నా కంటే కిందికి దిగుతుంది. ఈ సూత్రం మందుల డబ్బాకు వాడాలన్న ఆలోచన జిల్లా మొత్తంలో ఇంకెవరికీ రాలేదని నేను చాలా సంతోషించాను. ఎందుకు రాలేదో ఆలోచించలేదు.

మా నర్సమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె చదువు పదో తరగతి. నేను డబ్బాలో ఉప్పు చల్లుతుంటే, "ఉప్పెందుకు సార్?" అంది. ఆమెకు ఐదు నిమిషాలపాటు కెమిస్ట్రీ చెప్పాను. విని, "మంచిది సార్," అంది. ఆమె "మంచిది సార్" అంటే దాని అర్థం ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఇంకొన్నాళ్లు పట్టింది.

ఊరికి చేరి డబ్బా తెరిస్తే డీపీటీ సీసాలు బయట మంచు పట్టి, లోపల గడ్డలై ఉన్నాయి. కంఠవాపు, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి ఇచ్చే మందు అది. వాటిని అరచేతుల మధ్య రుద్ది కరిగించి, నా చల్లదనానికి నేనే మురిసిపోతూ ముప్పై ఒక్క మందికీ వేశాను. మిగిలిన ఒక సీసాను నర్సమ్మ పారేయకుండా కొంగున కట్టుకుంది.

మర్నాడు కేంద్రంలో ఆమె నా బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. ఒకటి ఎప్పుడూ ఫ్రిజ్ దాటనిది. రెండోది నా డబ్బాలోంచి వచ్చింది. రెండింటినీ గట్టిగా ఊపి పక్కపక్కన నిలబెట్టి, రిజిస్టరు రాసుకోవడానికి పోయింది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి, "ఇప్పుడు చూడుండ్రి సార్," అంది. మొదటి సీసా పలుచని పాలలాగా తెల్లగా, ఒకే తీరుగా ఉంది. రెండోది విరిగిన పాలలాగా ఉంది. పైన తేట నీళ్లు, అడుగున తెల్లని తునకలు.

శిక్షణ పుస్తకం తీసి చూశాను. అందులో ఉంది. చుక్కల మందు పోలియో గడ్డకట్టినా ఫర్వాలేదు. డీపీటీ మాత్రం గడ్డకడితే పనికిరాదు. ఇట్లా ఊపి చూసే పరీక్ష కూడా అందులోనే, బొమ్మతో సహా ఉంది.

మా డాక్టరు కుర్రవాడు, మాట తక్కువ. మందు విరిగిన సీసాను వెలుతురుకు పెట్టి చూసి, పిల్లలకు ప్రాణాపాయం లేదన్నాడు. కొందరికి సూది వేసినచోట గడ్డ కట్టవచ్చు, కనిపెట్టి ఉండాలన్నాడు. పోతే ఈ సూది పడినట్టు కాదు, అంతే అన్నాడు. మళ్లీ వేస్తే ప్రమాదమా అని అడిగాను. కాదన్నాడు. వేయకపోతేనే ప్రమాదం. నాలుగు కోసుల దూరంలో ఒక ఊర్లో పిల్లలు దగ్గుతున్నారని ఆ పొద్దునే కబురు వచ్చిందట. ఏ దగ్గో నేను అడగలేదు.

మా పెద్ద సూపర్‌వైజరు నన్ను పక్కకు తీసుకుపోయాడు. ఆయన మంచివాడు, రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్నవాడు. "ఉత్తగ పరేషాన్ గాకు. వచ్చే నెల ఏసేదాన్నే మొదటి సూది అనుకో. ఆఖరుకు ఒకటి ఎక్కువ ఏద్దాం. ఎవనికి తెలుస్తది? గా ఊర్లకు పోయి తప్పైందని చెప్తే మళ్ల ఒక్కరన్న చెయ్యి చాపుతరా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఒక పూటంతా ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే దానికి శాస్త్రీయమైన కారణాలు కూడా వెతికాను. తర్వాత అవ్వ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. గా దగ్గు రాకుంట ఆపుతదా? ఆపుతుందని నేనే చెప్పాను. ఆమె మనుమరాలి ఒంట్లో ఇప్పుడున్నది విరిగిన నీళ్లు. నెల ఆగుదామంటే దగ్గుకు నా రిజిస్టరుతో పని లేదు. నేను డాక్టరు గదిలోకి పోయి, మందు ఇవ్వమన్నాను.

నర్సమ్మా నేనూ మళ్లీ ఆ ఊరికి పోయేసరికి మా కంటే ముందు మాట పోయింది. వారం తిరగకముందే అవే పిల్లలకు అదే సూది మళ్లీ ఎందుకని ఊరు ఊరంతా బీడీల కార్ఖానా ముందు చేరి ఉంది. చుట్టిన బీడీలు తెచ్చి అప్పగించేది అక్కడే. సంఘంలో తిరిగే ఒక యువకుడు ముందు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఏమీ లేదు. అతని వెనక ఎవరున్నారో ఊర్లో అందరికీ తెలుసు కాబట్టి ఏమీ ఉండనక్కర్లేదు.

"సారూ, పైనుంచి ఏమన్న కొత్త మందు అచ్చిందా? మా పొల్లల మీద సూస్తున్నరా?" అని అడిగాడు.

నేను రెండు సీసాలనూ బయటికి తీశాను. వచ్చేటప్పుడు ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాను, అందులో కరెంటు కోత, ఎండ, కుల్ఫీ మనిషి ఉన్నారు. తీరా నోరు తెరిస్తే అవన్నీ పోయాయి. "మందు మంచిదే. నేను ఖరాబు చేసిన. ఐసుల ఉప్పేసిన. గడ్డకట్టింది, చూసి కూడా ఏసిన. పిల్లలకు ఏం గాదు, కని ఆ సూది పనిచెయ్యది. మళ్ల ఎయ్యాలె," అన్నాను.

అవ్వ గుంపులోంచి ముందుకు వచ్చింది.

"నా మన్మరాలు రెండొద్దులు జరంల కాలింది. గది ఉత్తగనేనా?"

ఉత్తగనే అన్నాను. ఆమె నన్ను తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను. ఇప్పటికీ వాటిలో కొన్నింటికి సరైన అర్థం నాకు తెలియదు. నర్సమ్మ మాత్రం అన్నిటికీ తల ఊపింది.

సంఘం యువకుడు ఆశ్చర్యంగా చూస్తున్నాడు. "సర్కారోడు తప్పైందని సొంతంగ చెప్పంగ సూసుడు నేను గిదే మొదలు," అన్నాడు. అది మెచ్చుకోలో, నేరారోపణో తేల్చుకునేలోపే అవ్వ అతని మీద తిరిగింది.

"మనం చుట్టిన బీడీలు గుమాస్త చూసి బాగలేవని పక్కకు పారేస్తడు. మళ్ల చుట్టి తెమ్మంటడు, తెస్తం. గీయిన చుట్టినయి గీయిననే పక్కకు పారేసుకుంటుండు. గసువంటోని చేతిల ఉన్నయి చూసి తీసుకోవచ్చు. పొల్లలను తేండ్రి." తర్వాత నా వైపు తిరిగి, "మాఫ్ చేసిన అన్కోకు," అంది.

ఆ రోజు ముప్పై మందికి మళ్లీ సూది పడింది. కుక్కర్లో ఉడికించిన గాజు సిరంజీలు, ఒక్కో పిల్లకు ఒక్కో సూది. నర్సమ్మ ప్రతి తల్లికీ ఓపిగ్గా చెప్పింది: జరం వస్తే పావు మాత్ర నలిపి వెయ్యాలె, తడిబట్టతో తుడవాలె, సూది కాడ రుద్దొద్దు, పాలు మానొద్దు. అందరూ అయ్యాక నేను లెక్క చూసుకున్నాను. ఒకరు తక్కువ.

తక్కువైంది అవ్వ మనుమరాలే. ఊరందరికంటే ముందు నన్ను నమ్మిన మనిషి బిడ్డ. మొదటి సూది జ్వరం తగ్గగానే కోడలు పిల్లనెత్తుకొని సిరిసిల్లలోని పుట్టింటికి పోయింది.

"అందరియి అయినయి. మాదెన్నడు?" అంది అవ్వ.

రేపే అన్నాను. కేంద్రానికి తిరిగిరాగానే, సిరిసిల్ల నా పరిధి కాదు, జిల్లా అధికారి అనుమతి కావాలని సూపర్‌వైజరు గుర్తు చేశాడు. అనుమతి కాయితం మీద వస్తుంది, దగ్గు గాలిలో వస్తుంది. డాక్టరు సెలవు చీటీ మీద సంతకం పెట్టి, కారణం అన్నచోట 'సొంత పని' అని తానే రాశాడు. మర్నాడు పొద్దున డబ్బా నర్సమ్మే కట్టింది. సీసాలకు కాయితం చుట్టి, ఐసుకు తగలకుండా మధ్యలో పెట్టింది. విరిగిన సీసాను నా చొక్కా జేబులో వేసి, "ఇది కూడా పట్కపోండ్రి. పనికొస్తది," అంది. ఆ తర్వాత నా చేతులు చాపమని, రెండు అరచేతులూ చూసింది. ఉప్పు ఉందేమోనని.

కోరుట్లలో బస్సెక్కేసరికి అవ్వ ముందే ఎక్కి కూర్చొని ఉంది. తాను లేకపోతే వియ్యంకుల ఇంట్లో నన్ను గడప తొక్కనివ్వరంది. మందు డబ్బా ఆమె ఒళ్లో, సిరంజీల కుక్కర్ నా ఒళ్లో. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద మూత బిగించిన కుక్కర్ పట్టుకొని ప్రయాణం చేయడం తెలివైన పని కాదని, చందుర్తి ఇంకా రాకముందే అర్థమైంది. పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ లోపలికి తొంగి చూశాడు, నా ఒడి చూశాడు, మళ్లీ కిందికి దిగిపోయాడు. కాసేపటికి బస్సు మొత్తం ఖాళీ అయింది. రోడ్డు మధ్యన నేను, నా ముందు కుక్కర్, చాలా దూరంలో మిగతా ప్రపంచం. ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడక దాన్ని నాతోనే తెరిపించారు. లోపల సూదులు కనపడ్డాక ఎస్సై దగ్గరికి వచ్చాడు. తర్వాత డబ్బా తెరవమన్నాడు.

దాన్ని మాత్రం అవ్వ వదలలేదు.

"జల్ది సూసి జల్ది మూయి కొడుకా. ఎండ తాకినా ఖరాబైతది, సలి ఎక్కువైనా ఖరాబైతది. గీ సారు ఒకపాలి ఖరాబు చేసిండు. ఇగ నువ్వొకనివి చెయ్యకు."

ఎస్సై నిజంగానే జల్ది చూసి జల్ది మూశాడు. జేబులో సీసా ఏమిటని అడిగితే, అది నా తప్పు అని చెప్పాను. అతను ఇంకేమీ అడగకుండా మమ్మల్ని ఎక్కమన్నాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, తన కొడుకుకు తొమ్మిది నెలలు నిండాయని, తట్టు సూది ఇప్పుడే వేయాలా, కొంచెం జలుబుంది, ఆగాలా అని అడిగాడు. జలుబుకు ఆగనక్కర్లేదు, ఈ వారమే వేయించండి అన్నాను. ఆ రోడ్డు మీద నన్ను ఎవరైనా నా పని గురించి అడగడం అదే మొదలు.

సిరిసిల్లలో ఆ ఇల్లు నేతవాళ్లది. ముందు గదిలో నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒకేసారి ఆడుతున్నాయి. గోడలు, నేల, నా చేతిలో డబ్బా అన్నీ ఊగుతున్నాయి. కోడలు పిల్లను గుండెలకు అదుముకొని వెనక గదిలో నిలబడింది. మళ్లీ సూది అనగానే తల అడ్డంగా ఊపింది. మొదటి జ్వరానికే పిల్ల రెండు రోజులు పాలు తాగలేదట. ఈ సారు అప్పుడు మందు మంచిదన్నాడు, తర్వాత చెడ్డదన్నాడు, ఇప్పుడు మంచిదంటున్నాడు, ఏది నమ్మాలని అడిగింది. సబబైన ప్రశ్న.

జేబులోంచి విరిగిన సీసా తీశాను, డబ్బాలోంచి మంచి సీసా తీశాను. రెండూ ఊపి కిటికీ గట్టు మీద పెట్టాను. మగ్గాల అదురుకు రెండూ కలిసి గలగలలాడాయి. ఆ అదురులో ఏదీ తేరదు. తేడా ఎప్పటికీ తెలియదు.

"సాంచెలు ఆపాలె," అన్నాను. "అరగంట."

ఆ ఇంటి పెద్ద, కోడలి తండ్రి, నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. పొద్దున మొదలుపెట్టిన మగ్గాన్ని ఎవరో దారిన పోయేవాడు ఆపమనడం ఆయన వినడం అదే మొదటిసారి అయివుంటుంది. అవ్వ ఆయనతో ఒక్కటే అంది. "బావా, పోయినేడు మా పొల్లగాడు పోయిండు. యాదికున్నదా?"

ఆయన లేచి ఒక్కొక్కటిగా నాలుగు సాంచెలూ ఆపాడు.

అంత నిశ్శబ్దాన్ని ఆ ఇల్లు ఎరగదు. పక్కింటి వాళ్లు ఎవరికేమైందోనని తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏడెనిమిది మంది ఆ కిటికీ గట్టు కేసి చూస్తూ కూర్చున్నాం. నా జీవితంలో చాలా పరీక్షలు రాశాను. నా ముందే దిద్దింది మాత్రం అదొక్కటే. నర్సమ్మ కట్టిన డబ్బాయే అయినా, దారిలో ఎండకు అన్నిసార్లు దించి, ఎక్కించి, తెరిచి మూసిన తర్వాత రెండో సీసా కూడా విరిగితే ఏం చేయాలో నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బస్సెక్కేవాణ్ణి కాదు.

మెల్లగా ఒక సీసాలో పైన తేట నీళ్లు కనపడ్డాయి. అడుగున తునకలు చేరాయి. పక్కది తెల్లగా, ఒకే తీరుగా అట్లాగే ఉంది.

అవ్వ లేచి వెళ్లి, రెండింటినీ చేతిలోకి తీసుకుంది. బీడీ కట్టను చూసినట్టు వెలుతురుకు ఎత్తి తిప్పి తిప్పి చూసింది. విరిగినదాన్ని పక్కకు పెట్టింది. రెండోది నా చేతిలో పెట్టి, కోడలి వైపు తిరిగింది.

"గిది బాగున్నది బిడ్డా. పొల్లను పట్టు."

పిల్ల ఏడ్చింది. ఏడుపు ఆగకముందే సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. ఆ పెద్దాయన నన్ను అన్నం తిని పొమ్మన్నాడు.

రిజిస్టరులో ముప్పై ఒక్క పాత ఎంట్రీలను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన నిజం రాశాను. మందు వృథా చేసినందుకు సంజాయిషీ చెప్పమని పైనుంచి మెమో వచ్చింది. ఉప్పు వేశానని రాశాను. దాని మీద ఏ చర్య తీసుకోవాలో నిబంధనల్లో లేదేమో, మళ్లీ జవాబు రాలేదు.

వానలు పడగానే ఆ దగ్గు వాగు దాటి ఊర్లోకి రానే వచ్చింది. ఒకరోజు అవ్వ ఆరోగ్య కేంద్రం గడప దగ్గర నిలబడి ఉంది. చంకలో పిల్ల ఉంది. ఆమె మొహంలో ఏముందో చూసే ధైర్యం లేక పిల్ల మొహం చూశాను. పిల్ల నా కేసి చూస్తూ వేలు చప్పరిస్తోంది.

రెండిళ్ల అవతల, సూది వేయించుకోని పెద్ద పిల్లవాడికి దగ్గు పట్టుకుందని, వాణ్ణి వెనకనే తెస్తున్నారని అవ్వ చెప్పింది. ఆమె మనుమరాలికి దగ్గు రాలేదు. అది మా సూది వల్లేనా అంటే, కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఒక్క పిల్లను చూపి ప్రమాణం చేయను. ఆ ముప్పై ఒక్క మంది కోసం ఆ వానాకాలమంతా ఇల్లిల్లూ తిరిగానని మాత్రం చెప్పగలను.

"ఉప్పుది పోను రెండు పడ్డయి. మూడోది ఇయ్యాల్నే గదా?" అంది అవ్వ.

ఇవాళే అన్నాను. డబ్బా బల్ల మీదికి తెచ్చాను. ఆమె పిల్లను నర్సమ్మ చేతికిచ్చి, మూత నేను తీసేదాకా ఆగకుండా తానే తీసింది. లోపల ఒక ఐసు ముక్క మీద వేలు రాసి, నాలుక మీద పెట్టుకొని, ఒక్క క్షణం రుచి చూసింది.

"ఆఁ, ఎయ్యి కొడుకా," అంది.